వదిన దగ్గర కొనాలా, గుజరాత్ నుంచి తెప్పించాలా?

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆరేళ్లుగా ఆమె ఇంటి వెనుక షెడ్డులో పొడులు, వరుగులు, ఉప్మా మిక్స్ తయారుచేసి అమ్ముతున్నారు. వాటికి కావలసిన కరివేపాకు, మునగాకు, వంకాయ వరుగులు, గోరుచిక్కుడు వరుగులు మొదటి నుంచీ పుట్టింటి ఊళ్లో ఉన్న వదినే ఎండబెట్టి పంపుతున్నారు. అన్నయ్య పోయిన తర్వాత ఆ వదినకూ, ఇంటర్ చదువుతున్న కొడుక్కీ ఈ పనే ఆధారం. ఊళ్లో మరో నలుగురు ఆడవాళ్లకు కూడా ఆమె పని చూపించారు. నిరుటి వేసవి చివర్లో ఒక హాస్టళ్ల నిర్వాహకుడు నెలకు 400 కిలోల వెజిటబుల్ ఉప్మా మిక్స్‌కు ఆర్డరు ఇచ్చారు. దానికి నెలకు ఎండు ఉల్లి 16 కిలోలు, క్యారెట్ 8, బీన్స్ 4, కరివేపాకు 4 కిలోలు కావాలి. ఉల్లి బయట కొన్నారు, మిగిలినవి వదినకు అప్పగించారు. ఆగస్టులో పంపిన మిక్స్‌లో 110 కిలోలు ముక్కిన వాసన వస్తోందని, కొన్ని ప్యాకెట్లలో బూజు కనిపించిందని వెనక్కి వచ్చాయి. చూస్తే ఆ లాట్‌లో, అంటే ఒకే దఫాగా తయారైన ఆ సరుకులో, వదిన పంపిన క్యారెట్ మెత్తగా ఉంది. ఈమె ఆ సంగతి వదినకు చెప్పలేక, "ప్రస్తుతానికి సరుకు వద్దు" అని మాత్రం అని ఆపేశారు. అప్పటి నుంచి వదిన ఫోన్ చేయడం మానేశారు.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. గుజరాత్ సరుకు ఇప్పిస్తానన్న ఒక బ్రోకర్ దగ్గర 500 కిలోల ఎండు ఉల్లి ఫ్లేక్స్ ఒకేసారి కొంటే ధర బాగా తగ్గుతుందని, డబ్బు మొత్తం ముందే కట్టాలని భర్త అంటున్నారు. అప్పు చేసి 6 లక్షల రూపాయల డ్రయ్యర్ కొనమని మరిది సలహా. వెనక్కి వచ్చిన మిక్స్‌ను రెండు ఎండలు ఎండబెట్టి, వేయించి, పొడుల్లో కలిపేస్తే నష్టం పూడుతుందని అత్తగారి మాట. "వ్యాపారం పెరగాలంటే బంధుత్వాన్ని పక్కన పెట్టవలసిందేనా?" అన్న ప్రశ్నతో ఉత్తరం ముగిసింది.

అమ్మా, మీరు అడిగిన వాటిలో ఒక్కదానికి మాత్రం ప్రత్యామ్నాయాలు చెప్పను. వెనక్కి వచ్చిన ఆ 110 కిలోలనూ, అదే లాట్‌లో వాసన రాకుండా ఇంకా మీ దగ్గర ఉన్న ప్యాకెట్లనూ మళ్లీ ఏ పొడిలోనూ కలపకండి. మీ అత్తగారు నష్టం చూసి బాధతో అన్న మాట అది, అర్థం చేసుకోగలను. కానీ ఎండకు బూజు కనబడకుండా పోవచ్చునేమో గాని, కొన్ని రకాల బూజులు ఆహారంలో వదిలే విషపదార్థాలు ఎండకూ మూకుడు వేడికీ పూర్తిగా నశించవు. పైగా అది తినేది హాస్టల్ పిల్లలు. చట్టం కూడా ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది: 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఒక లాట్‌లో కొంత భాగం సురక్షితం కాదని తేలితే, కాదని నిరూపించనంత వరకు ఆ లాట్ మొత్తాన్నీ సురక్షితం కానిదిగానే భావిస్తారు. తూకం వేసి, ఫోటోలు తీసి, తేదీ రాసుకుని నాశనం చేయండి. ఆ కాగితం హాస్టల్ వారికి కూడా చూపించండి. పోయిన మాట తిరిగి రావడానికి అది మొదటి మెట్టు అవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవరి దగ్గర కొనాలన్నది మీ ప్రశ్న. కానీ నాకు కనబడిన చిక్కు వేరే చోట ఉంది. ఆరేళ్లలో మీరు గాని, మీ వదినగారు గాని, ఇప్పుడు ఉల్లి అమ్మిన వర్తకుడు గాని సరుకులో తేమ ఎంత ఉందో ఒక్కసారి కూడా కొలిచినట్టు ఉత్తరంలో లేదు. నమ్మకం మీద కొన్నారు, నమ్మకం మీద కలిపారు. నెలకు పది కిలోలు అమ్మే రోజుల్లో ఆ నమ్మకం సరిపోయింది, ఎందుకంటే సరుకు నిలవ ఉండకుండానే ఖర్చయిపోయేది. ఇలాగే కొనసాగితే గుజరాత్ సరుకైనా, సొంత డ్రయ్యర్ సరుకైనా మరో శ్రావణమాసంలో మళ్లీ ఇదే జరగవచ్చు.

మన పెద్దవాళ్లు వరుగులు ఎప్పుడు పెట్టేవారో ఒకసారి గుర్తుచేసుకోండి. శివరాత్రి వెళ్లాక మొదలుపెట్టి, రోహిణీ కార్తె ఎండల్లో ముగించి, జాడీలకెత్తి మూతికి గుడ్డ కట్టేవారు. వానాకాలంలో ఎవరూ మేడ మీద వంకాయ ముక్కలు ఆరబోసేవారు కారు. కూరగాయ ఎండడానికి వేడి ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న గాలి పొడిగా ఉండాలి. గోదావరి జిల్లాల్లో జూలై, ఆగస్టు గాలి తానే తడిగా ఉంటుంది. ముక్క పైపైన ఎండినట్టు కనిపిస్తుంది, నడిబొడ్డున నీరు మిగిలే ఉంటుంది. పగలు పోయిన తేమను రాత్రి మళ్లీ కొంత పీల్చుకుంటుంది. అలాంటి ముక్కను పాలిథిన్ సంచిలో మూతి బిగించి పెడితే, లోపలి నీరు నెమ్మదిగా పైకి వచ్చి సంచి గోడలకు చేరుతుంది, పది పదిహేను రోజుల్లో బూజు పడుతుంది. మీ వదినగారి చేతిపనిలో లోపం వచ్చి సరుకు చెడిందని నేను అనుకోవడం లేదు. వేసవిలో చేసే పనిని వానాకాలంలో, అదీ ఆమెకు అలవాటు లేని క్యారెట్‌తో, ప్రతి నెలా చేయమన్న ఆర్డరు మీ నుంచి వెళ్లింది. కాదనలేక ఆమె ఒప్పుకుని ఉంటారు. ఆమెతో మాట్లాడే ముందు ఇది మీరు మనసులో ఒప్పుకోవాలి, లేకపోతే ఆ మాట నిందలా వినబడుతుంది.

కాబట్టి "వదినా, గుజరాతా" అని సరఫరాదారులను ఒకరికొకరు పోటీగా నిలబెట్టకుండా, కావలసిన సరుకులను ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ఉల్లి సంగతి ముందు. దేశంలో ఎండు ఉల్లి, ఎండు వెల్లుల్లి తయారీకి ముఖ్యమైన కేంద్రం గుజరాత్‌లోని భావనగర్ జిల్లా మహువా ప్రాంతం. అక్కడి ఫ్యాక్టరీలు ఎక్కువగా తెల్ల ఉల్లిని, అది విరివిగా దిగుబడి వచ్చే జనవరి నుంచి మే వరకు ఎండబెట్టి, ఏడాది పొడవునా అమ్ముకుంటాయి. తెల్ల ఉల్లిలో ఘన పదార్థం ఎక్కువ కనుక దాదాపు 8 కిలోల పచ్చి సరుకుకు కిలో ఎండు ఉల్లి వస్తుంది. మనం కూరకు వాడే ఎర్ర ఉల్లి అయితే తొక్కలు, తొడిమలు పోను 10 కిలోల వరకు పడుతుంది. కర్నూలు మార్కెట్‌లో ఉల్లి ధర పడిపోయిన వార్త చూసినప్పుడల్లా మనమే కొని ఎండబెట్టుకోవచ్చు కదా అన్న ఆలోచన చాలామందికి వస్తుంది, నాకూ వచ్చింది. కానీ అక్కడి ఖరీఫ్ ఉల్లి వానలు వెనుదీయకముందే వస్తుంది, నీటి పాళ్లు కూడా ఎక్కువ. మీ 16 కిలోల కోసం నెలకు 160 కిలోల ఉల్లి తొక్క తీసి, తరిగి, ఎండబెట్టడం మీకూ మీ వదినగారికీ గిట్టే పని కాదు. ఉల్లి, వెల్లుల్లి వరకు ఫ్యాక్టరీ సరుకే మేలు. ఇందులో బంధుత్వానికి వచ్చే లోటేమీ లేదు, ఆమె ఎన్నడూ మీకు ఉల్లి పంపలేదు.

అయితే ఆ 500 కిలోల బేరం మీది కాదు. నెలకు 16 కిలోల చొప్పున ఆ సరుకు మీకు 31 నెలలు వస్తుంది. మంచి ఫ్లేక్స్ అయినా సంచి మూతి బిగించి చల్లగా, పొడిగా ఉంచితే సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర వరకే రంగూ ఘాటూ నిలుపుకుంటాయి. చివరి సగం సరుకు మీ షెడ్డులో గోధుమరంగుకు తిరిగిపోతుంటే, మొదట తగ్గిన ధర వల్ల లాభం ఎక్కడిది? బ్రోకర్ మొత్తం డబ్బు ముందే అడగడం దీనికి తోడు. హైదరాబాద్ బేగంబజార్ వంటి చోట టోకు వర్తకుల దగ్గర ఒకటి రెండు పెట్టెల చొప్పున కొంటే కిలోకు కొంత ఎక్కువ పెట్టవలసి వస్తుంది. ఆ ఎక్కువ కిలోకు 50 రూపాయలనుకున్నా మీకు నెలకు పడే భారం 800 రూపాయలు. ఆ 800 పెట్టి మీరు కొనుక్కునేది తాజా సరుకు, చేతిలో మిగిలిన పెట్టుబడి, నచ్చకపోతే మరుసటి నెల వర్తకుణ్ణి మార్చుకునే వీలు. ఏడాది గడిచి మీ వాడకం రెండింతలైతే, అప్పుడు ఏప్రిల్, మే నెలల్లో కొత్త సరుకు చేతిలో ఉన్న ఫ్యాక్టరీతో నేరుగా మాట్లాడి, ఏడాది ధర ఖాయం చేసుకుని, మూడు నెలలకొకసారి పంపేలా ఒప్పందం చేసుకోవచ్చు.

భర్తగారు ఫ్యాక్టరీ దారే ఎంచుకుందామంటే, ఆయన ఉత్సాహాన్ని కాదనకుండానే కొన్ని షరతులు పెట్టండి. అమ్మేవారి జీఎస్టీ నంబరు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఆయా ప్రభుత్వ పోర్టళ్లలో సరిచూడాలి. బిల్లు మీద ఉన్న సంస్థ పేరు, డబ్బు కట్టమన్న బ్యాంకు ఖాతా పేరు ఒకటే కావాలి, వేరైతే అక్కడితో ఆగిపోవాలి. ముందు నమూనా, తర్వాత ఒక పెట్టె, ఆ తర్వాతే పెద్ద లాట్. నమూనా ఏ లాట్‌దో ఆ లాట్ నంబరే వచ్చిన సరుకు మీదా ఉండాలి. ఆ లాట్‌కు సంబంధించిన పరీక్షా పత్రం అడగండి: తేమ ఎంత (ఎండు ఉల్లికి మామూలుగా 5 నుంచి 6 శాతం వరకు చూస్తారు), సూక్ష్మజీవుల లెక్క ఎంత, ఏ ఏడాది పంట. సరుకు నాణ్యతకు అమ్మేవారు రాసిచ్చే, చట్టం కోరే ఫారం-ఇ హామీ బిల్లుతో పాటు తీసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే మీరు జాగ్రత్తగానే కొన్నారని చూపడానికి అది అవసరం. అడ్వాన్స్ కొంత ఇచ్చి, మిగిలింది లారీ రసీదు చూపాక ఇస్తామనండి. ఒప్పుకోని వర్తకుడు మీ స్థాయికి సరిపడడు, అంతే.

ఇంకో మాట. ధర తక్కువని ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి కొనకండి, ఫ్లేక్స్ కొని మీరే దంచుకోండి. నేను ఊరగాయల యూనిట్ నడిపిన తొలి రోజుల్లో ఒక వర్తకుడి దగ్గర వెల్లుల్లి పొడి రెండు బస్తాలు తీసుకున్నాను. వాసన ఉంది, రంగు బాగుంది. నీళ్లలో వేసి వేడిచేస్తే గంజిలా చిక్కబడింది. పిండి కలిసిందని తెలిసేసరికి ఒక బస్తా సరుకులో కలిసిపోయింది. పగిలిన ముక్కలో కల్తీ చేయడం కష్టం, పొడిలో తేలిక. పైగా పొడి గాలి తగిలితే చాలు, తేమ పీల్చి గడ్డకడుతుంది.

క్యారెట్, బీన్స్ విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది. వీటిని మేడ మీద ఎండలో పెట్టడం మానేయండి, వేసవిలో కూడా. ఉప్మా మిక్స్‌లో రవ్వ ఉడికే ఆ అయిదారు నిమిషాల్లోనే క్యారెట్ ముక్క కూడా మెత్తబడాలి. దానికి ముక్క చిన్నగా, ఒకే కొలతలో ఉండాలి. మరిగే నీళ్లలో కొద్దిసేపు ముంచి తీసి, ఆ తర్వాత వేడిగాలిలో ఎండాలి. ఆ ముంచడం లేకపోతే రంగు వెలిసిపోతుంది, నోట్లో రాయిలా తగులుతుంది. ఎండబెట్టేటప్పుడు మొదట్లోనే వేడి మరీ ఎక్కువైతే పైపొర గట్టిపడి లోపలి నీటిని బంధిస్తుంది. ఇది యంత్రంతో చేసే పని. మన రెండు రాష్ట్రాల్లోనూ డ్రయ్యర్లు పెట్టుకున్న మహిళా సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు ఉన్నాయి. కూరగాయలు మీరే కొనిచ్చి కిలోకు ఇంత అని ఎండబెట్టించుకోవడానికి ఒప్పుకునేవారు దొరకవచ్చు. బయట తయారు సరుకే కొంటే సల్ఫైట్ గురించి అడిగి తీరాలి. రంగు నిలవడానికి ఎండు క్యారెట్, క్యాబేజీ, బంగాళాదుంపలకు గంధకపు సమ్మేళనాలు వాడడం మామూలే, పరిమితిలో అది చట్టబద్ధమే. కానీ సరుకులో కిలోకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి సల్ఫైట్ ఉంటే లేబుల్ మీద ప్రకటించాలి, ఎందుకంటే ఉబ్బసం ఉన్న కొందరికి అది పడదు. మీ ప్యాకెట్ల మీద "నిల్వ రసాయనాలు లేవు" అని అచ్చువేస్తున్నట్టు రాశారు. సల్ఫైట్ ఉన్న క్యారెట్ కలిపిన రోజు ఆ మాట అబద్ధమవుతుంది. అప్పుడు లేబుల్ మార్చాలి, లేదా సల్ఫైట్ లేని, రంగు కాస్త మందగించిన క్యారెట్‌కు హాస్టల్ వారిని ఒప్పించాలి. రెండోదే నాకు ఇష్టం. ఎంచుకోవలసింది మాత్రం మీరు.

మరిది చెప్పిన డ్రయ్యర్ లెక్క చూద్దాం. దఫాకు 50 కిలోల పచ్చి కూరగాయలు పట్టే యంత్రమని రాశారు. మీ ఉల్లి, క్యారెట్, బీన్స్ మూడూ కలిపి నెలకు 290 కిలోల పచ్చి సరుకు అనుకుంటే ఆరు దఫాలు. మిగతా రోజులు యంత్రం ఖాళీ. 6 లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 13,000 రూపాయలు. దాన్ని మీకు వచ్చే 28 కిలోల ఎండు సరుకు మీద పరిస్తే, కూరగాయ ధర, కరెంటు, కూలి కలపకముందే కిలోకు 460 రూపాయలు పడుతుంది. సూక్ష్మ ఆహార పరిశ్రమల కోసం 2020లో కేంద్రం మొదలుపెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ ఉన్న మాట నిజమే. అది బ్యాంకు రుణంతో ముడిపడిన రాయితీ, కాబట్టి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో బ్యాంకులో కనుక్కున్న తర్వాతే లెక్కలోకి తీసుకోండి. రాయితీ వచ్చినా యంత్రానికి నెలలో కనీసం పదిహేను, ఇరవై రోజుల పని చూపగలిగితేనే కొనండి. మునగాకు, కరివేపాకు పొడులకు గిరాకీ పెరిగి ఆ పని వస్తుందని మీకు నమ్మకముంటే నేను అడ్డు చెప్పను. ముందు మాత్రం వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి ఒకసారి వెళ్లి, ఏ ఆకుకు ఎంత వేడి, ఎన్ని గంటలు అన్నది అడిగి తెలుసుకోండి. మీకు అది దగ్గరే.

మిగిలినవి కరివేపాకు, మునగాకు, వరుగులు. ఇవి మీ వదినగారివే. మీ పొడికి ఆరేళ్లుగా వస్తున్న పేరులో ఆమె నీడపట్టున ఆరబెట్టిన ఆకు రంగుకు వాటా ఉందని మీరే రాశారు. ఏడాదికి మిక్స్ కోసం 48 కిలోల కరివేపాకు కావాలంటే దాదాపు 200 కిలోల పచ్చి ఆకు. మాఘం నుంచి వైశాఖం వరకు అయిదుగురు ఆడవాళ్లు చేయగల పనే. సంవత్సరానికి కావలసిన వరుగులూ ఆ నాలుగు నెలల్లోనే పెట్టించి, గాలి చొరని డబ్బాల్లో మీ దగ్గర నిలవ చేసుకోండి. దీనివల్ల మీకు వచ్చే కష్టం, పెట్టుబడి ముందే పెట్టాలి, కార్తీకం నాటికి ఆకు వాసన కొంత తగ్గుతుంది. ఆమెకు వచ్చే కష్టం, వానాకాలంలో రాబడి ఉండదు. దానికి ఉపాయంగా వేసవి సరుకు విలువను నెలనెలా పంచి ఇవ్వవచ్చు, లేదా వానాకాలంలో మీ షెడ్డులో ప్యాకింగ్ పని ఇవ్వవచ్చు. రెండోదైతే ఆమె మీ దగ్గర పనికి వచ్చినట్టు భావిస్తారేమో, ముందుగా అడగండి.

ఎవరి సరుకైనా మీ గుమ్మం దాటే ముందు ఒకటే పరీక్ష పెట్టండి. ముక్క వంగకూడదు, టక్కున విరగాలి, చేతిలో గలగలలాడాలి. గుప్పెడు సరుకు గాజు సీసాలో మూత బిగించి కొన్ని గంటలు ఎండలో ఉంచితే లోపలి గోడకు ఆవిరి పట్టకూడదు. 100 గ్రాములు తూచి, ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఉంచి మళ్లీ తూచండి. తూకం ఎంత తగ్గిందో పుస్తకంలో రాయండి. ఇది ప్రయోగశాల లెక్క కాదు గాని, ఈ లాట్‌కూ ఆ లాట్‌కూ తేడా పట్టిస్తుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి తర్వాతొకసారి, ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ప్రతి లాట్ నుంచి ఒక చిన్న ప్యాకెట్ తీసి, తేదీ వేసి దాచండి. మీ వదినగారి పేరున ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా చేయించండి, లైసెన్సు గాని రిజిస్ట్రేషన్ గాని ఉన్నవారి దగ్గరే కొనాలన్నది మీ లైసెన్సు షరతుల్లో ఒకటి. ఆ కాగితం చేతిలో ఉంటే ఆమె మీకే కాదు, మరొకరికి కూడా అమ్ముకోగలరు.

చివరగా, ఆ మాట చెప్పడం గురించి. చెప్పకుండా వదిలేసే దారీ ఉంది. శివరాత్రికి మళ్లీ ఆర్డరిస్తే ఆమె పంపుతారు. కానీ ఎందుకు ఆపారో తెలియని మనిషి, మళ్లీ ఎప్పుడు ఆపుతారోనన్న భయంతోనే పనిచేస్తారు, తేమ పరీక్ష పెట్టిన రోజున దాన్ని అనుమానంగా తీసుకుంటారు. ఫోన్‌లో కాకుండా మీరే వెళ్లండి, భర్తగారిని, అత్తగారిని తీసుకెళ్లకుండా. వెనక్కి వచ్చిన ప్యాకెట్ల ఫోటోలు వెంట తీసుకెళ్లి చూపించండి. "వదినా, సరుకు పాడయింది. వానల్లో అడగడం నాదే పొరపాటు. నీతో చెప్పకుండా దాచడం ఇంకో పొరపాటు" అని మొదలుపెట్టండి. నష్టంలో ఆమె వాటా ఎంత అన్న మాట ఆమె ఎత్తితే, ఈసారికి వద్దనండి. ఇక ముందు పరీక్షలో నిలవని లాట్‌కు డబ్బు ఉండదని మాత్రం అప్పుడే, ఆ కూర్చున్న చోటే చెప్పండి. మొదట ఆమెకు బాధ కలగవచ్చు, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. వచ్చేటప్పుడు ఒక చిన్న త్రాసు, నాలుగు గాజు సీసాలు అక్కడ వదిలి రండి, మాఘమాసం దగ్గరలోనే ఉంది.